నేల మీద మూడు దెబ్బలు

ఫిబ్రవరి 3

ఒరేయ్ తమ్ముడూ,

మేమిక్కడ క్షేమం. నువ్వు వేళకి తింటున్నానని మాత్రం రాయకు, నమ్మను.

నిన్న మీ గృహవసతి శాఖ వాళ్ళు టేపులు పట్టుకుని వచ్చారు. మా భవనం కూల్చేస్తారట. సర్వేయరు మా వరండాలో రెండు గంటలు కొలతలు తీసుకుని, చివరికి నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి, ఈ అంతస్తులో అందరూ మూగవాళ్ళేనా అమ్మా అని అడిగాడు. నవ్వాపుకోలేక చచ్చాను. అప్పుడు కుట్టుమిషను పెద్దమ్మ తన గుమ్మంలో నిలబడి గడియారాలు బాగుచేసే తాతతో చేతులు తిప్పుతూ పోట్లాడుతోంది, కుళాయి దగ్గర వంతు గురించి. ఇద్దరికీ నోళ్ళున్నాయి, మామూలు నోళ్ళు కావు. ఒకరి భాష ఒకరికి రాదు, అంతే.

ఆయనకి ఏమని చెప్పను? పదకొండు గదులు, అయిదు భాషలు. మా గువ్వకి వినపడదని తెలిసిన రోజు నుంచి ఒక్కొక్కరూ దాంతో ఒక్కో సైగ మొదలుపెట్టారు. సూదిలో దారం ఎక్కించినట్టు చేస్తే ఓపిక పట్టమని. మణికట్టు చెవికి ఆనిస్తే టైమయిందని. గువ్వ ఒకరి దగ్గర నేర్చుకుని ఇంకొకరికి నేర్పింది. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, ఇంతమంది పెద్దవాళ్ళు దాని భాషలోనే అప్పులూ తగువులూ తీర్చుకుంటున్నారు. పిలవాలంటే మడమతో చెక్క నేలని కొట్టాలి. నాది ఒక దెబ్బ, తాతది రెండు, పెద్దమ్మది మూడు. వరండా అవతలి చివర ఉన్నా అరికాళ్ళతో విని పరిగెత్తుకొస్తుంది. నువ్విక్కడ ఉన్న ఆరు నెలల్లో చూసిందే అనుకో. సర్వేయరు అంతా విని, "అలాగా" అన్నాడు. కాగితంలో మాత్రం ఏమీ రాసుకోలేదు.

నాకు భయంగా ఉందిరా. ఇల్లు పోతే ఇంకో ఇల్లిస్తారు. ఈ పదకొండు గదుల వాళ్ళనీ తలో దిక్కుకీ విసిరేస్తే నా కూతురితో మాట్లాడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? వినపడని పిల్లల బడిలో సీటు కోసం రెండేళ్ళుగా వరుసలో ఉన్నాం, ఎప్పటికొస్తుందో తెలీదు. మీ బావగారు పోయాక దాన్ని నేనొక్కదాన్నే పెంచానని అందరూ అంటారు. అబద్ధం. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ఉంటాను. దాన్ని పెంచింది వరండా.

నువ్వు ఆ శాఖలోనే, పెద్దాఫీసులోనే ఉన్నావు. ఏదో ఒకటి చెయ్యి. నీ పేరుకి పెట్టిన సైగ గుర్తుందా, చెవి వెనక పెన్ను దోపుకోవడం? గువ్వ రోజుకి పదిసార్లు చేసి తలుపు వైపు చూస్తోంది.

అక్క

ఫిబ్రవరి 17

అక్కా,

నమస్కారం. వేళకే తింటున్నాను, నమ్మకపోతే నీ ఇష్టం.

ఫోను ఎత్తడం లేదని కోపం తెచ్చుకోకు. సొంతవాళ్ళు ఉన్న భవనాల గురించి మా ఉద్యోగులు బయట ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఆఫీసు గదిలో ఆరుగురం కూర్చుంటాం, అద్దెగదిలో ముగ్గురం ఉంటాం. ఈ ఉత్తరం కూడా చదివాక చింపెయ్యి.

కొత్త ఇళ్ళు ఎవరికి ఎక్కడ ఇవ్వాలో ఒక పద్ధతి తయారైంది. దాన్ని రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గర్వంగానే చెబుతున్నాను, అది న్యాయమైన పద్ధతి. త్వరలో మీకు ఫారాలు వస్తాయి. అందులో ఇంట్లో మాట్లాడే భాష ఏది అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరెవరు ఒకచోట ఉండాలో దాన్నిబట్టే తేలుతుంది. మీ వరండాలో అందరికీ ఈ మాట చెప్పు. ఇంతకన్నా రాయలేను.

నన్ను నమ్ము. గువ్వ సంగతి నా మనసులో లేకుండా నేను ఒక్క రోజూ ఆ కాగితాల ముందు కూర్చోలేదు.

నీ తమ్ముడు

మార్చి 5

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి చింపేశాను. గడి సంగతి అర్థమైంది. నువ్వు చెప్పకుండా చెప్పింది కూడా అర్థమైంది, నీకన్నా ముందు పుట్టాను కదా. అందరినీ పెద్దమ్మ గదిలో కూర్చోబెట్టి చెప్పాను. కొంచెం గొడవైంది, సర్దుకుంది. పదకొండు గదుల వాళ్ళూ నువ్వన్నట్టే నింపి ఇచ్చేశారు. నువ్వు వివరాలు రాయలేదు కాబట్టి నేనూ రాయను. నీ ఉద్యోగానికి ముప్పు రాకూడదు.

పెద్దమ్మ నీ గురించి చెవి వెనక పెన్ను పెట్టి, ఆ చేతిని గుండె మీద వేసుకుంది. అంటే ఏమిటో నీకు తెలుసు. సంతోషమే కదా, ఇక కడుపునిండా తిను.

అక్క

మార్చి 19

అక్కా,

ఎన్నాళ్ళకి నాకు కంటినిండా నిద్రపట్టిందో చెప్పలేను. నువ్వు చురుకైనదానివని తెలుసు, ఇంత చురుకని తెలీదు. ఆ పద్ధతిలో ఒక వాక్యం కోసం నేను ఎనిమిది నెలలు మా పెద్దవాళ్ళతో కొట్లాడాను. అన్నీ అయిపోయాక ఆ కాగితం తెచ్చి నీకు చదివి వినిపిస్తాను. గువ్వకి ఎలా చెప్పాలో మాత్రం నువ్వే చూసుకోవాలి. నాకు వచ్చిన సైగలన్నీ తిండివీ ఆటలవీనూ.

నీ తమ్ముడు

మే 8

తమ్ముడూ,

ఇవాళ జాబితా అంటించారు. ముందు తాత చదివాడు, తర్వాత నేను చదివాను, తర్వాత కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ తాతే చదివాడు. పదకొండు గదులు, పదకొండు చోట్లు. మాకు ఊరి తూర్పు కొసన తొమ్మిదో అంతస్తు. పెద్దమ్మకి పడమటి కొసన. బేకరీలో పనిచేసే బాబాయికి ఎక్కడో, ఆ పేట పేరు నేను విననే లేదు. మూల గది దంపతులు జాబితా చూసి, ఈ ఊరితో మాకిక పనిలేదని సామాను కట్టుకుంటున్నారు.

ఎక్కడో పొరపాటు జరిగింది కదూ? పేర్లు తారుమారయ్యాయి కదూ? నువ్వు ఒక మాట అంటే సరిచేస్తారు కదూ?

గువ్వ మా మొహాలు చూసి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఎవరు చచ్చిపోయారని అడుగుతోంది. ఎవరూ లేరని చెప్పాం. అది నమ్మలేదు.

అక్క

మే 9

అక్కా,

ఈ ఉత్తరం నీ ఉత్తరానికి జవాబు కాదు. మీ భవనం దస్త్రం ఇవాళే నా బల్ల మీదికి వచ్చింది.

ఎవరు చెప్పారు మీకు అబద్ధం రాయమని? పదకొండు ఫారాల్లోనూ ఊరి భాషే రాశారు! మీలో ఒక్కరికైనా ఆ భాషలో నాలుగు ముక్కలు సరిగ్గా వచ్చా? కుట్టుమిషను పెద్దమ్మ పాతికేళ్ళుగా బస్సు కండక్టరుకి వేలు చూపించి టికెట్టు తీసుకుంటుంది. ఆవిడ ఇంట్లో మాట్లాడేది ఊరి భాషా? మీరంతా కలిసి నా గొంతు కోశారు.

తమ్ముడు

మే 27

తమ్ముడూ,

కొత్త ఇంటి నుంచి రాస్తున్నాను. చిరునామా కవరు మీద ఉంది. లాండ్రీకి వెళ్ళడానికి రెండు బస్సులు మారాలి.

నీ గొంతు కోశామా? బాగుందిరా. భాష గడిని బట్టే ఎవరెవరు ఒకచోట ఉండాలో తేలుతుందని రాసింది ఎవరు? నా పక్కింటి పిల్లాడా? దానికి ఏ మనిషైనా ఏం అర్థం చేసుకుంటాడు? ఒకే భాష వాళ్ళని ఒకచోట పెడతారనే కదా! లోకమంతా అలాగే ఉంది కదా, ఈ ఊళ్ళో ఏ వీధి చూసినా ఏ భాష వాళ్ళు ఆ భాష వాళ్ళతోనే కదా ఉన్నారు!

ఆ గడి కోసం రెండు రోజులు పోట్లాడుకున్నాం. తాత తన భాష రాయమన్నాడు, పెద్దవాణ్ణి కాబట్టి. బాబాయి తనది రాయమన్నాడు, ఆ భాష వాళ్ళవి అయిదు గదులు కాబట్టి. నేను ఊరుకున్నానా, మన భాషకేం తక్కువని లేచాను. చేతులు గాల్లో ఎగిరిపోతున్నాయి. గువ్వ మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసి కళ్ళు తిరిగి కూర్చుంది. అప్పుడు పెద్దమ్మ లేచి, ఎవరిదీ వద్దు, ఎవరికీ రానిది రాద్దాం అంది. అందరం నవ్వాం. అంత న్యాయమైన తీర్పు నేనెక్కడా వినలేదు. ఒకే భాష అని రాయడం అబద్ధం కూడా అనిపించలేదు. మా అందరికీ ఉన్నది ఒకే భాష. దానికి మీ ఫారంలో గడి లేదు.

ఇప్పుడు విను నీ మేనకోడలి సంగతి. ఇక్కడ నేల సిమెంటు. నేను వంటగదిలో ఎంత గట్టిగా కొట్టినా పక్క గదిలో దానికి తెలియదు. మొదటి రోజు మడమ వాచిపోయేదాకా కొట్టాను. అది చెంప నేలకి ఆనించి పడుకుని ఉంటుంది, గంటలకి గంటలు. లేపితే, నేల చచ్చిపోయింది అని చేస్తుంది. బడి వాళ్ళు వార్డు మారింది కాబట్టి వరుసలో మళ్ళీ మొదటి నుంచి నిలబడమన్నారు. నేను పనికి వెళ్ళేటప్పుడు దాన్ని లోపల పెట్టి తాళం వేస్తున్నాను. రాయడానికి సిగ్గేస్తోంది, కానీ వేస్తున్నాను.

అక్క

జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. తప్పు నాది. మొదటే చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను, ఉద్యోగం పోతే పోనీ.

మా పద్ధతి నువ్వనుకున్నదానికి సరిగ్గా తలకిందులు. ఒక భాష వాళ్ళంతా ఒకచోట ఉంటే, ఆ పేటకి నీళ్ళు ఆపడమూ తేలికే, వాళ్ళ మీద పుకారు పుట్టించడమూ తేలికే. అందుకని ఒకే భాష వాళ్ళని విడగొట్టి, అన్ని భాషల వాళ్ళనీ కలిపి పెట్టాలని రాశాం. ఒక అంతస్తులో ఒక భాష వాళ్ళవి రెండిళ్ళకి మించకూడదు. మీరు పదకొండు మందీ ఒకే భాష అన్నారు. యంత్రంలో వేసినట్టు విడిపోయారు.

నేను ఎనిమిది నెలలు కొట్లాడిన వాక్యం ఇదీ: నాలుగు భాషలో అంతకన్నా ఎక్కువో మాట్లాడేవాళ్ళు ఇప్పటికే కలిసి బతుకుతున్న వరండాని విడదీయరాదు, ఉన్నదున్నట్టుగా ఒకే అంతస్తుకి మార్చాలి. అది మీ వరండాని చూసి రాసింది. గువ్వ కోసం రాసింది. మీరు నిజం రాసి ఉంటే చాలేది.

ఒక్క దారి ఉంది. జూన్ ఆఖరులోగా మీ వరండా వాళ్ళు నాలుగు భాషల వాళ్ళు నలుగురు వచ్చి, ఫారంలో రాసింది తప్పని సంతకం పెట్టాలి. ఒక సంగతి దాచను. తప్పు రాశారని ఒప్పుకున్నవాళ్ళ ఇంటి కేటాయింపు రద్దు చేసే అధికారం మా పెద్దవాళ్ళకుంది. చెయ్యరనే అనుకుంటున్నాను. మాటివ్వలేను.

తమ్ముడు

జూన్ 29

తమ్ముడూ,

కాళ్ళు అరిగేలా తిరిగాను. తాత ఒప్పుకున్నాడు. బేకరీ బాబాయి రెండు రోజులు నసిగి ఒప్పుకున్నాడు. నాతో కలిపి మూడు భాషలు. మూల గది దంపతులు ఊరు వదిలి వెళ్ళిపోయారు. నాలుగో భాషకి ఇక మిగిలింది పెద్దమ్మ ఒక్కతే.

నిన్న గువ్వని తీసుకుని వెళ్ళాను. పెద్దమ్మ కింది అంతస్తులో ఉంటోంది. గువ్వని చూసి ఏడ్చి, ఎత్తుకోలేక ఎత్తుకుని, దాని చేతులు రెండూ తన మొహానికి రుద్దుకుంది. ఇద్దరూ గంటసేపు వాగారు. నెల రోజులుగా దాచుకున్నవన్నీ అది ఊపిరి తీసుకోకుండా చెప్పింది. నేను చూస్తూ కూర్చున్నాను. నా బిడ్డ ఇంకా బతికే ఉందని అప్పుడు తెలిసింది నాకు.

తర్వాత వచ్చిన పని చెప్పాను. సంతకం, ఆఫీసు, రద్దు కావచ్చు, అన్నీ చెప్పాను. దాచలేదు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కుళాయి తిప్పి చూపించింది. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. నీళ్ళు, అంది. నా ఇంట్లో. నావి. డెబ్భై ఏళ్ళు బిందె మోసిన భుజం చూపించింది. ఇది పోతే నేనెక్కడికి పోను, అని అడిగింది. అయినా బతిమాలాను. గువ్వని ముందుకి తోశాను, ఒట్టు, దాన్ని అడ్డం పెట్టుకుని బతిమాలాను. మీ తమ్ముడి ఆఫీసు మమ్మల్ని ఒకసారి మోసం చేసింది చాలదా, అంది. ఆ తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

అలా చేతులు వెనక పెట్టుకోవడం మా వరండాలో ఎంత మాటో నీకు తెలుసుగా. నీతో ఇక మాట్లాడను అని. మాకున్న తిట్టు అదొక్కటే. ఆవిడ పెట్టింది నా మీద. గువ్వ తన మీద అనుకుంది. వెనక్కి వెళ్ళి ఆ చేతులు పట్టుకుని లాగింది. ఆవిడ ఏడుస్తూనే ఇవ్వలేదు, ఇస్తే మెత్తబడిపోతానని భయం కాబోలు.

బస్సులో దారి పొడుగునా గువ్వ చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి ఒక్కటే అడిగింది, నేనేం చేశాను అని. నీ మీద కాదని వందసార్లు చెప్పాను. నా చేతుల వైపు చూడటం లేదు.

గడువు రేపే. పెద్దమ్మని మళ్ళీ అడగను. ఆవిడది తప్పని నేననలేను.

అక్క

జూలై 10

అక్కా,

గడువు రోజున నేనే మా డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆ వరండాలో మా అక్క ఉంది, వాళ్ళు తప్పు నింపింది నా ఉత్తరం వల్లే, శిక్ష నాకు వేసి వాళ్ళని కలపండి అని చెప్పాను. ఆయన అంతా విని, "అయితే ఆ వాక్యం మీ అక్క కోసం రాయించావా?" అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

సొంతవాళ్ళ కోసం పెట్టిన వాక్యమని మొత్తం పద్ధతిలోంచే దాన్ని కొట్టేశారు. ఇకమీదట ఏ వరండాకీ అది ఉండదు. మంచి చేద్దామని కూర్చున్నవాణ్ణి ఎంతమంది గూడు చెరిపానో లెక్కలేదు. నన్ను పాత దస్త్రాల గదికి మార్చారు. విచారణ ముగిసేదాకా ఊరు కదలకూడదట, లేకపోతే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేవాణ్ణి.

రోజూ గదిలో కూర్చుని నాకు గుర్తున్న సైగలు చేసి చూసుకుంటున్నాను. తొమ్మిది వచ్చాయి. పదోది ఎంత వెతికినా దొరకలేదు. గువ్వని క్షమించమని అడగాలంటే ఎలా చెయ్యాలి? అది నాకు ఎవరూ నేర్పలేదు.

తమ్ముడు

జూలై 23

తమ్ముడూ,

క్షమించమనడానికి మా దగ్గర సైగ లేదురా. ఉంటే నీకు నేర్పకపోదునా. కోపం తెచ్చుకున్నవాళ్ళు కోపం పోగానే తమ గుమ్మంలో నిలబడి నేలని కొట్టి పిలిచేవాళ్ళు, అంతే. పిలిస్తే అయిపోయినట్టే. మళ్ళీ ఎవరూ ఆ సంగతి ఎత్తేవాళ్ళు కాదు.

నిన్న పని నుంచి వస్తూ పాత భవనం దగ్గర దిగాను. సగం కూల్చేశారు. మా వరండా చెక్కలు ఒకపక్క పేర్చి ఉన్నాయి. మేస్త్రీని ఒక పలక ఇమ్మని అడిగితే పిచ్చిదాన్ని చూసినట్టు చూసి ఇచ్చేశాడు. నా కన్నా పొడుగుంది. మొదటి బస్సువాడు ఎక్కించుకోలేదు, రెండోవాడు తిట్టి ఎక్కించుకున్నాడు. లిఫ్టులో పట్టక తొమ్మిది అంతస్తులూ మోశాను.

రెండు గదుల మధ్య గుమ్మంలోంచి పరిచాను. గువ్వ వచ్చి చూసింది. వంగి వాసన చూసింది. చెప్పులు విడిచి, అవతలి కొస మీద నాకు వీపు పెట్టి నిలబడింది. మూడు వారాల తర్వాత అది తనంతట తాను చేసిన మొదటి పని అది.

నాది ఒక దెబ్బ కదా. ఒక్కటి కొట్టాను. దానికి తెలిసింది, భుజాలు కదిలాయి. కానీ తిరగలేదు. నా మీద దానికి ఏ కోపమూ లేదు, ఏ ఆశా లేదు, నేను రోజూ ఉండేదాన్నే. దాన్ని ఒక్కసారి ఇటు తిప్పుకోవాలని ఎంత ఆశపడ్డానంటే, తప్పని తెలిసి కూడా నా మడమ ఆగలేదు. మూడు కొట్టాను.

తిరిగింది. ఆ మొహం నువ్వు చూడాల్సింది. నా వైపు రాలేదు, నన్ను దాటుకుని తలుపు తీసుకుని బయటికి పరిగెత్తింది. నేను వెళ్ళేసరికి వరండా మధ్యలో నిలబడి అటు చివర నుంచి ఇటు చివర దాకా ఒక్కో తలుపే చూస్తోంది. అన్నీ మూసే ఉన్నాయి. నన్ను చూసి నవ్వుతూ, పెద్దమ్మ పిలిచింది, కోపం పోయింది, అని చేసింది.

నేనే కొట్టానని చెప్పడానికి రెండు చేతులూ ఎత్తాను. నా వల్ల కాలేదు.

ఇవాళ కూడా మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. చెప్పులు వేసుకోమంటే వేసుకోదు. మళ్ళీ కొడితే తెలియాలి కదా అంటోంది.

అక్క